మూత మారింది, ఊద చావలేదు

రఘునాథపల్లిలో పురుగుమందుల దుకాణం నడిపే మనిషి అందరి ముందు నన్నన్న మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

"మందు మంచిదే అన్నా. నీకు కొట్టొస్తలేదు."

నా వరి మడిలో ఊద గడ్డి చావడం లేదని చెప్పడానికి వెళ్లిన రోజది. కంకి వేసేదాకా ఊద అచ్చం వరిలాగే ఉంటుంది. కంకి ముదిరి గింజ రాలిందంటే వచ్చే పంటకు మడి దానిదే. అదీ నా తొందర.

"అయితే నువ్వే వచ్చి కొట్టు తమ్మీ" అన్నాను. రెండు వారాలు వదలకుండా అడిగితే వచ్చాడు, కొట్టాడు. తుంగ గడ్డి చచ్చింది. ఊద మరింత నిగనిగలాడింది.

"నీ భూమిల్నే ఏదో ఉన్నదన్నా" అని చేతులు కడుక్కొని వెళ్లిపోయాడు. తప్పు నా మీంచి ఇప్పుడు నా భూమి మీదికి వచ్చింది.

మా దగ్గర మందును పేరు పెట్టి ఎవరూ అడగరు, మూత రంగు చెప్పి అడుగుతారు. మొదట ఎర్ర మూత, మరుసటి ఏడు నీలం మూత, ఈసారి పచ్చ మూత. ప్రతిసారీ కొత్త మందనే ఇచ్చాడు. ఆ రోజు అద్దాలు పెట్టుకొని మూడు డబ్బాల వెనక చిన్న అక్షరాలు చదివాను. లోపలి మందు ఒక్కటే. దాన్ని తట్టుకొని బతికిన ఊదే ఏటేటా విత్తనం రాల్చుకుంది. మూత మార్చిన సంగతి గడ్డికి ఎవరూ చెప్పలేదు.

ఇక చేత్తో పీకించడమే. కూలీలను తీసుకొచ్చిన అక్క గట్టు దిగకముందే అందుకుంది. "ఏందన్నా, మందు డబ్బా ఇయ్యాల పనిలకు రాలేదా?"

పీకింది గట్టు మీద పడేయడం మావాళ్ల అలవాటు. వద్దన్నాను. గింజ మళ్లీ మడిలోకే రాలుతుంది, బస్తాల్లో మోసుకుపోవాలన్నాను.

"గడ్డికి గింత మర్యాదా! పల్లకి తెప్పియ్యరాదు?"

ఆ మాట కూడా గుర్తు పెట్టుకున్నాను. కానీ గింజ రాలకముందే మడి శుభ్రమైంది.

ఇప్పుడు దుకాణందారు కొత్తగా వచ్చినవాళ్లకు నా పొలం దారి చూపిస్తున్నాడు. "పోయి సూడుండ్రి, అన్న మడిల ఒక్క ఊద కనవడ్తదా? పచ్చ మూత గట్లుంటది!"

వాళ్లు బండ్లాపి చూస్తారు. పీకించానని, మార్చాల్సింది మూత కాదు మందని, విత్తే ముందు తడిపెట్టి ఊదను మొలిపించి దున్నేయాలని నేను గొంతు పోయేలా చెబుతాను. బుద్ధిగా వింటారు, తలూపుతారు, పోయి పచ్చ మూత కొనుక్కుంటారు.