పలక పగలగొట్టమన్న నాయనమ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో పలక పగలగొడితే వీపు పగిలేది. మార్కాపురం పలకల మీద బతికిన ఇల్లు మాది. నాయన గనిలో రాయి తీసేవాడు, అమ్మ పలకలకు చెక్క చట్రాలు బిగించేది, తయారైన పలకలను నాయనమ్మ ఏరేది. ఒక్కొక్క పలకనూ చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తట్టేది. మంచి పలక ఖంగుమంటుంది. లోపల పగులుంటే, పైకి ఎంత నున్నగా కనిపించినా, గొంతు పూడినట్టు పలుకుతుంది. అలాంటి నాయనమ్మే ఒకరోజు నా చేతిలో కొత్త పలక పెట్టి, అవసరమైతే నేలకేసి కొట్టమంది.

నాకప్పుడు పదేళ్ళు. అంతకు కొన్ని నెలల ముందే మా చెల్లెలు, నాలుగు నెలల పసిగుడ్డు, జ్వరమొచ్చి పోయింది. అప్పటి నుంచి అమ్మకు నిద్ర లేదు. పని చేసేది, వండేది, మాకు పెట్టేది, కానీ మనిషి మాలో లేదు. దానికి తోడు అమ్మకు చిన్ననాటి నుంచీ మూర్ఛ జబ్బు. డాక్టరు ఇచ్చిన బిళ్ళలు రోజూ వేసుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. రెండు మూడు రోజులు మానిందంటే మాత్రం ఎడమచేతి బొటనవేలు అరచేతిలోకి ముడుచుకునేది. ఆ వెనకే మూర్ఛ వచ్చి పడిపోయేది. మా ఇంట్లో అందరికీ తెలిసిన గుర్తు అది.

ఆ రోజుల్లో గిద్దలూరులో ఒకాయన వచ్చి దిగాడు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, మెల్లగా మాటలు చెబుతూ నిద్రలాంటి స్థితిలోకి తీసుకెళ్ళి, మనసులోని బాధను తీసేస్తాడని, పోయినవాళ్ళ గొంతు కూడా వినిపిస్తాడని పేరు. అందరూ సారు అనేవాళ్ళు. అబద్ధమెందుకు, ఆయన దగ్గరికి వెళ్ళొచ్చిన మా పక్కింటి పెద్దమ్మ వారం రోజులు హాయిగా పడుకుంది. అది చూసి అమ్మ పట్టుపట్టింది. ఒక్కసారి పాప గొంతు వింటే చాలు, మళ్ళీ మనిషినవుతాను అంది. నాయన కాదనలేకపోయాడు. తనకు గనిలో పని వదిలే వీలు లేక అమ్మను, నాయనమ్మను, నన్ను పంపాడు.

పొద్దున రైలెక్కాం. కంభం దాటాక అమ్మ ముఖం తుడుచుకోబోతే కొంగు ముడి ఊడి తెల్లబిళ్ళలు ఒళ్ళో రాలాయి. నాయనమ్మ బిళ్ళల వంక చూసింది, అమ్మ వంక చూసింది. మూడు రోజుల ముందు నుంచి మందులు మానాలని సారు పక్కింటి పెద్దమ్మతో చెప్పి పంపాడట. మందు మత్తు ఉంటే మనసు తెరుచుకోదట.

"ఏందే ఇది? చెప్పకుండా మానేసినావా? ముందు ఒకటి మింగు" అంది నాయనమ్మ.

"మింగను అత్తా. ఈపొద్దు నన్ను ఆపితే రేపు ఒక్కదాన్నే పోతా. నీకు చెప్పను గూడా చెప్పను."

మా నాయనమ్మ మామూలుగా మాట్లాడితే రెండు వీధులకు వినిపించేది. ఆ రోజు మాత్రం గొంతు పెంచలేదు. స్టేషన్లో దిగాక దారిలో ఒక దుకాణంలో నాయనమ్మ పలక కొంది. పలకలు చేసే వాళ్ళం పలక కొనడం, చోద్యం! అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టి తట్టి చూసుకుంది కూడా. తర్వాత నన్ను పక్కకు లాగింది.

"మీ అమ్మ బొటనేలి మీదనే కన్నుండాల. అది ముడుచుకున్నదంటే పలక నేలకేసి కొట్టు. నేను తలుపు అవతలనే ఉంటా."

సారు చూడ్డానికి మర్యాదస్తుడు. ఎదురొచ్చి మంచినీళ్ళు ఇప్పించాడు. నాయనమ్మ తగ్గి మాట్లాడుతూనే, మందులు మాన్పిస్తే ఈమెకు మూర్ఛ వస్తుంది సారూ అని చెప్పింది. అన్నీ భయంతో వచ్చే జబ్బులేనని ఆయన నవ్వాడు. మేం కూడా లోపల కూర్చుంటామంటే కుదరదన్నాడు. నాయనమ్మ నన్ను ముందుకు నెట్టింది. "బిడ్డ తల్లిని ఇడిసి ఉండలేదు సారూ. మూలన కూచోని పలక మీద గీసుకుంటాది" అంది. అంత బుద్ధిమంతురాలిలా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆయన నన్నూ పలకనూ చూసి సరేనన్నాడు.

తలుపు మూశాక ఆయన నా దగ్గరికి వంగి చెప్పాడు. "మీ అమ్మ ఇప్పుడు చాలా దూరం పోతుంది తల్లీ. నువ్వు చప్పుడు చేస్తే దారి తప్పుతుంది. ఇంక తిరిగి రాలేదు." నేను తల ఊపాను.

ఆయన గొంతు బాగుండేది, ఆ మాట ఒప్పుకోవాలి. కళ్ళు బరువెక్కుతున్నాయి, మెట్లు దిగుతున్నావు, ఇంకో మెట్టు, ఇంకో మెట్టు అంటుంటే అమ్మ ముఖంలో ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి. నెలల తర్వాత అమ్మను అంత నిమ్మళంగా చూడటం అదే. అయ్యో, ఇది నిజంగానే మంచిదేమో, నాయనమ్మే చాదస్తం పడుతోందేమో అనుకున్నాను. కిందికి చేరావు, పాప అక్కడే ఉంది, ఏడుపు వినపడుతోందా అని ఆయన అడిగాడు. అమ్మ పెదాలు కదిలాయి.

అప్పుడే బొటనవేలు ముడుచుకుంది.

నేను సారు వంక చూశాను. ఆయన కూడా చూశాడు. శక్తి వస్తోంది, రానివ్వమ్మా, ఆపొద్దు అన్నాడు. పలక కొడితే అమ్మ తిరిగి రాదు. కొట్టకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. దారి తప్పుతుందన్నది ఆయన చెప్పిన మాట. బొటనవేలు మాత్రం నా కళ్ళ ముందుంది. పలక ఎత్తి నేలకేసి కొట్టాను. చట్రం అంచు తగిలి పగల్లేదు, ఛీ! ఆయన నా వైపు లేచాడు. రెండోసారి కళ్ళు మూసుకుని బల్లపరుపుగా వేసి కొట్టాను.

తలుపు తోసుకుని నాయనమ్మ వచ్చేసరికి అమ్మ కుర్చీలోంచి జారి కొట్టుకుంటోంది. నాయనమ్మ ఆమెను పక్కకు తిప్పి, తల ఒళ్ళో పెట్టుకుని, ఎవరినీ మీదికి రానివ్వలేదు. సారు గోడకు ఆనుకుని, పిల్లే చెడగొట్టింది అంటున్నాడు. "నోరు ముయ్ నాయనా, బండిని పిలువు" అంది నాయనమ్మ. ఈసారి రెండు వీధులకూ వినిపించింది. ఆసుపత్రిలో డాక్టరు సూది వేశాక సాయంత్రానికి అమ్మ తెలివిలోకొచ్చింది. ఇంకో రోజు మందు లేకుంటే బతకడం కష్టమయ్యేదని ఆయన అందరినీ కలిపి తిట్టాడు.

తిరుగు రైల్లో అమ్మ నాతో అన్న మాట ఒక్కటే. "పాప ఏడుపు వినపడతా ఉండె. నువ్వు పగలగొట్టినావు."

ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టి ముఖం తిప్పుకునేది. నేను తప్పు చేశానేమోనని గోడ చాటున ఏడ్చేదాన్ని. ఒక మధ్యాహ్నం చట్రాలు బిగిస్తూ, నా వైపు చూడకుండానే అంది: "ఏం వినపళ్ళేదే. చెవులు రిక్కించుకున్నా గానీ ఏం వినపళ్ళే. నీ మీద కోపంగా ఉంటే ఏడుపు రాకుండా ఉండెలే." అని సుత్తి పక్కన పడేసి, పాప పోయాక మొదటిసారి, నన్ను పట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఆ రోజు అమ్మ పొద్దు గుంకకముందే నిద్రపోయింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటింది. మా ఆయన పోయి ఏడాది. నిద్ర రావడం లేదని మా కోడలు ఫోనులో ఒకామె గురించి చూపించింది. హిప్నాసిస్‌తో మనసుకు, ఆత్మకు వైద్యం చేస్తుందట. వద్దని విసుక్కున్నాను. మర్నాడు నేనే ఆమెకు ఫోను చేశాను. కోడలు నా పక్కన కూర్చోవచ్చా, నా బీపీ బిళ్ళలు మానాలా, మధ్యలో వద్దనిపిస్తే లేచి రావచ్చా అని అడిగాను. కూర్చోవచ్చు, బిళ్ళలు అస్సలు మానొద్దు, మీ డాక్టరును కూడా అడిగే రండి, ఎప్పుడైనా లేవచ్చు అంది. పోయినవాళ్ళను వినిపిస్తానని మాత్రం నేను చెప్పనమ్మా అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. మా ఆయన గొంతు వినాలని నాకూ ఉందని అంతవరకు నాకే తెలియదు. అమ్మ కొంగులో బిళ్ళలు ఎందుకు దాచుకుందో ఆ క్షణంలో అర్థమైంది.

డాక్టరు సరేనన్నాడు. సోమవారం వెళ్తున్నాం. నా ముఖంలో ఏ తేడా కనిపించినా లేపెయ్, ఎవరేం చెప్పినా వినొద్దు అని కోడలికి చెప్పాను.

"పలక గూడా తెచ్చుకోమంటావా అత్తా?" అని, ఆ కథ నా నోట ఎన్నోసార్లు విన్న కోడలు నవ్వింది.

తెచ్చుకో అన్నాను. నేను నవ్వలేదు.