గుర్రపుడెక్క అని చెప్పాను

2009 అక్టోబరు. ఉదయం ఆరుంబావుకు తెనాలి స్టేషన్లో దిగాం. ఇరవై ఇద్దరు జవాన్లం, నాలుగు రబ్బరు పడవలు, నాలుగు మోటార్లు. సన్నగా వాన. మా ఇల్లు స్టేషనుకు పది నిమిషాల నడక. వెళ్లడానికి అనుమతి లేదు. ఏడు గంటలకల్లా లారీలు రేపల్లె దారి పట్టాయి.

కృష్ణ కరకట్ట తెగి ఊళ్లు మునిగాయి. మా వైర్‌లెస్ కేంద్రం బాపట్లలో పెట్టారు. పడవకు నలుగురం: సుబేదారు, మోటారు నడిపేవాడు, వైర్‌లెస్ మనిషి, నేను. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ముందు కూర్చోబెట్టి బైనాక్యులర్స్ ఇచ్చారు. సుబేదారు నన్ను పేరు పెట్టి పిలవలేదు.

"తెనాలీ, నీళ్లలో తల కనిపిస్తే చెప్పు. అంతే నీ పని," అన్నాడు హిందీలో.

ఎటు చూసినా తలలే కనిపించాయి. మొదటిది బోర్లాపడ్డ కుండ. రెండోది కొబ్బరి గెల. మూడోది చచ్చిన దూడ. రెండు నల్ల మచ్చలు, కింద ఒక గీత ఉంటే చాలు, నా బుర్ర దానికి ముఖం తగిలించేసేది. మనిషి కోసం వెతికే కన్ను, అక్కడ లేని మనిషిని తయారు చేసుకుంటుందని అక్కడే తెలిసింది. మధ్యాహ్నానికి పదకొండుసార్లు పడవ తిప్పించాను. ఒక్కసారీ మనిషి లేడు.

సుబేదారు పెట్రోలు డబ్బాను కాలితో తన్నాడు. "ఇంకోసారి తిప్పించావంటే నిన్నే నీళ్లలోకి దించేస్తాను. అక్కడ బతికున్నవాళ్లు ఎదురుచూస్తున్నారు."

నిజమే. ఒక బడి డాబా మీద అరవై మంది దాకా ఉన్నారు. దగ్గరికి వెళ్తుంటే ఒక పెద్దాయన తడి చెప్పు విసిరాడు. నా భుజానికి తగిలింది.

"రెండ్రోజులకా వచ్చేది? శవాలేరుకోడానికొచ్చారా?"

"ఆడవాళ్లనీ పిల్లల్నీ ముందు దించండి బాబాయ్."

"బాబాయేంటి? నువ్వెవడివి నాకు?"

మర్నాడు పద్ధతి మార్చుకున్నాను. ఆకారాన్ని నమ్మకూడదు, కదలిక చూడాలి. చెత్త ప్రవాహంతో కొట్టుకుపోతుంది, మనిషి పెనుగులాడతాడు. పొద్దున్నే అరటి బోదె పట్టుకుని కాళ్లాడిస్తున్న ఒక ముసలాయన్ని అలాగే గుర్తుపట్టాను. సుబేదారు నా వీపు తట్టాడు. నాకు గర్వం వచ్చింది.

పదిన్నరకు ఒక తుమ్మచెట్టు కనిపించింది. కొమ్మలు మాత్రమే నీళ్లపైన ఉన్నాయి. కాలవల్లో తేలుతూ పెరిగే గుర్రపుడెక్క వాటికి చిక్కుకుని గుట్టలా పేరుకుంది. మధ్యలో ఏదో నల్లగా ఉంది. ఇరవై గజాలు. బైనాక్యులర్స్ పెట్టి చూశాను. కదల్లేదు.

"ఏమిటది?" సుబేదారు అడిగాడు.

"గుర్రపుడెక్క సార్. పోనివ్వండి."

పోయాం.

ఆ చుట్టుపక్కలంతా తిరిగి నలభై నిమిషాలకు, మిగిలినవాళ్లను ఎక్కించుకోవడానికి బడి డాబా చేరాం. అందరూ ఒక్కసారిగా అరుస్తున్నారు. చెప్పు విసిరిన పెద్దాయన అంచుదాకా వచ్చాడు.

"కళ్లు పోయినియ్యా మీకు? ఆ తుమ్మచెట్టు పక్కనుంచే పోయారు గదరా! అరిచి అరిచి గొంతులు పోయినియ్ మాకు!"

మోటారు మోతలో మాకేమీ వినపడలేదు.

వెనక్కి తిప్పాం. డెక్క పక్కకు లాగితే ఆడమనిషి. చీర కొంగుతో నడుమును కొమ్మకు కట్టేసుకుంది. ముఖం నిండా బురద, ఆకులు. కదిలే ఓపిక లేకే కదల్లేదు. పడవలోకి తీసుకున్నాం. వైర్‌లెస్ మనిషి బాపట్లకు చెప్పాడు: "ఒకరు. ప్రాణాలతో."

"ఇద్దరమండి," అందామె. "మా ఆయన చెట్టుకి అవతల పట్టుకునున్నారు. మీ పడవ ఆగకుండా పోవడం చూసి చేతులొదిలేశారండి."

దుప్పటి కప్పబోయాను. నా చెయ్యి తోసేసింది.

"మీరు చూశారండి. నా కళ్లల్లోకే చూశారు."

"ఏమంటోంది?" అన్నాడు సుబేదారు.

"ఇంకొకరున్నారట సార్. వెతకాలి."

రెండో మాట అతనికి చెప్పలేదు. పడవలో ఆ మాట అర్థమైనవాళ్లం ఇద్దరమే, ఆమె, నేను. సాయంత్రం దాకా వెతికాం. ఆయన దొరకలేదు.

పన్నెండో రోజున తెనాలిలోనే తిరుగు రైలెక్కాం. మా అమ్మీ టిఫిన్ డబ్బా పట్టుకుని ప్లాట్‌ఫారం మీదకొచ్చింది. "చాలామందిని కాపాడావంట గదరా," అంది. అవునన్నాను.

ఇప్పుడు రిటైరై ఇక్కడే ఉంటున్నాను. టీ కొట్టు దగ్గర కాశ్మీరు సంగతులు చెప్పమంటారు. చెబుతాను. ఇది చెప్పను.

ఆ కళ్లను ఆ రోజు నిజంగా చూశానో, ఆమె అన్నాక నా బుర్రే తెచ్చి అక్కడ పెట్టిందో నాకు తెలియదు. కానీ ఇప్పుడు బాగా కనిపిస్తాయి. పచ్చటి ఆకులు, బురద, మధ్యలో నన్నే చూస్తున్న రెండు కళ్లు. రెప్పలు కూడా ఆడిస్తాయి.