లెన్ అంకుల్ అల్లిన మేజోళ్లు

ఇవాళ మన పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో, పాత సామాన్ల షాపులో బూడిదరంగు ఊలు బంతి కనబడింది. పెర్త్‌లో నాతో పెరిగినవాళ్లారా, మన వీధి లెన్ అంకుల్ గుర్తున్నాడా? కలరా ఉండల వాసనేసే పాత స్వెటర్లు విప్పి, వరండాలో మళ్లీ అల్లుతుండేవాడు.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. "మగవాళ్లు అల్లుతారా అంకుల్?" అని నవ్వాను.

ఆయన కోప్పడలేదు. యుద్ధంలో తమ బాంబర్ విమానం జర్మనీలో కూలిపోతుంటే, తానూ తోటి గన్నరూ పారాచూట్లతో దూకి పట్టుబడ్డామని చెప్పాడు. ఖైదీల క్యాంపులో చలికి ఆ గన్నర్ పాదాలు నల్లబడుతుంటే, తన స్వెటర్ ఊలు విప్పి, కంచెతీగ ముక్కలే సూదులుగా అతనికి మేజోళ్లు అల్లాడట.

"మరి మీకు చలి వెయ్యలేదా?"

"చాలా వేసింది, లవ్." పిల్లలందర్నీ ముద్దుగా అలాగే పిలిచేవాడు.

"ఆయన బతికాడా?"

లెన్ అంకుల్ వంటింటి వైపు చూపించాడు. మనకు రోజూ బిస్కెట్లు పంచే జార్జ్ అంకుల్ అక్కడ కుంటుకుంటూ టీ పెడుతున్నాడు.

"వాణ్ణే అడుగు."