తూటాలు కట్టిన డ్రైవర్ అన్న

శుక్రవారం పొద్దున పిండి కలుపుతుంటే జగిత్యాల నుంచి ఫోను వచ్చింది. పిండి చేత్తోనే ఎత్తాను. డ్రైవర్ అన్న కూతురు.

"అత్తా, మా బాపు పోయిండు."

"ఎట్లమ్మా? మొన్న ఆదివారమే గదా నాతో మాట్లాడినాడు!"

"చాయ్ తాగి మంచంల ఒరిగిండు. మళ్ల లేవలే."

నాది రాయచోటి దగ్గరి పల్లె. కువైట్‌లో ఒకే ఇంట్లో పద్నాలుగేళ్లు ఆయన బండి నడిపాడు, నేను వంట చేశాను. ఆయన వెళ్లిపోయినా నేనింకా ఇక్కడే ఉన్నాను. ఇల్లాలిని మామా అని, యజమానిని బాబా అని పిలవాలని నాకు నేర్పింది ఆయనే. "నన్ను అన్నా అను, సాలు" అన్నాడు. అలాగే పిలిచాను.

ఆయన గురించి చెప్పాలంటే ఊరి బయట కబ్ద్‌లో బాబాకున్న తోటలోని ప్రెస్సు గురించి చెప్పాలి. బాబాకు తుపాకితో గురి కొట్టే పోటీలంటే ప్రాణం. అనుమతి కాగితాలన్నీ ఉన్నాయి. కొన్న తూటాలు మాత్రం ఆయనకు నచ్చవు. పేలిన తూటా ఇత్తడి గుల్లను పారేయకుండా తుడిచి, కొలతకు నొక్కి, అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీ పెట్టి, మళ్లీ తుపాకి మందు పోసి, మూతిలో కొత్త గుండు బిగించాలి. నొక్కడానికీ బిగించడానికీ వాడే చేతి యంత్రమే ప్రెస్సు. ఆ పనికి కావలసిన ఓపిక బాబాకు లేదు. అన్న అంతకుముందు ఇక్కడే ఖైతాన్ పేటలో లేత్ షాపులో పనిచేసినవాడు. అందుకని పని ఆయన మీద పడింది.

బాబా ఫోన్లో రెండు ప్రెస్సుల బొమ్మలు చూపించిన రోజు నేను పక్కనే గహ్వా, అదే అరబ్బు కాఫీ, పోస్తున్నాను. ఒకటి పెద్దది, పిడి లాగిన ప్రతిసారీ నాలుగైదు పనులు ఒకేసారి చేస్తుంది. రెండోది ఒక్కసారికి ఒక్క పనే. బాబా మనసంతా పెద్దదాని మీదే. అన్న మాత్రం చిన్నదాని మీద వేలు పెట్టి, "హాదా జైన్, బాబా" అన్నాడు. ఇదే మంచిది అని.

"పెద్దదయితే పని జల్ది అయితది గదన్నా?" అని ఆయన యాసలోనే ఆయన్ని ఎగతాళి చేశాను.

"జల్దే అయితది చెల్లె. తప్పు గూడ గంతే జల్ది అయితది. ఏడ అయిందో కన్నుకు దొరకది."

చిన్నవాటిలోనూ ముందువైపు తెరిచి ఉన్నది వద్దన్నాడు. చుట్టూ మూసిన ఇనుప చట్రమైతే గట్టిగా నొక్కినా పక్కకు ఒరగదట. ప్రెస్సు వచ్చాక రెండు వారాలు దాంతో ఒక్క తూటా కూడా కట్టలేదు. ముందు బల్ల కదలకుండా గోడకు బోల్టులు బిగించాడు. నీళ్ల గ్లాసు పెట్టి పిడి లాగి చూశాడు. నీళ్లు కదిలితే మళ్లీ బిగించాడు.

ప్రెస్సు ఉన్న గదిలోకి ఫోను రాకూడదు. బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి. చిల్లుల చెక్కలో గుల్లలు నిలబెట్టి, మందు పోశాక, గుండు పెట్టేముందు టార్చి వేసి ఒక్కొక్క గుల్లలోకి తొంగి చూసేవాడు. నేను చాయ్ తెస్తే తలెత్తకుండా, "మాట్లాడకు చెల్లె, మాట్లాడితె మళ్ల మొదటికెల్లి సూడాలె" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. చల్లారిన చాయ్ తర్వాత ఒక్క గుక్కలో తాగి, బాగుందనేవాడు.

ఒక గురువారం ఆయన అలా టార్చి వేసి చూస్తుండగా, గేటుకు అడ్డంగా ఉన్న బండి తీయమని మామా కేక వేసింది. వెళ్లి తీసి వచ్చి పని పూర్తి చేశాడు. మర్నాడు పొద్దున పోటీ. తుపాకి పట్టేది బాబా పెద్ద కూతురు, నా చేత్తో అన్నం తిని పెరిగిన పిల్ల. ఇంటివాళ్లందరూ బండెక్కారు. అన్న తూటాల డబ్బాలు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు.

నిన్న మధ్యలో లేచాననీ, ఒక వరుస గుల్లల్లోకి చూశానో లేదో గుర్తులేదనీ బాబాతో చెప్పాడు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

బాబా ముఖం ఎర్రబడింది. "ఖలాస్! యల్లా!" అని అరిచాడు, ఇక చాలు, పద అని. ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, కొట్టేయించి ఇంటికి పంపుతానన్నాడు. అప్పటికి అన్న కూతురు పెళ్లి ఇంకా కాలేదు.

"అన్నా, ఇచ్చెయ్ అన్నా, నీకెందుకీ గొడవ" అన్నాను.

"ఇంటికి పంపితె పోత చెల్లె. గీ డబ్బాలైతె బండ్ల వెట్ట."

బాబా విసురుగా వెళ్లిపోయాడు. ఆ రోజు ఎవరో స్నేహితుడి తూటాలతో పిల్ల పోటీ చేసింది, ఓడిపోయింది. మేమిద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. ఆయన ఒక్కొక్క తూటా గుండు ఊడబీకి ఇస్తే నేను మందు పళ్లెంలో వంపాను. రెండో డబ్బా సగానికి వచ్చాక ఒక గుల్ల వంపితే ఏమీ రాలలేదు. మళ్లీ వంపాను. ఖాళీ.

అన్న పిడి వదిలేసి కాసేపు కళ్లు మూసుకున్నాడు. అలాంటిది పేలిస్తే అడుగు టోపీ ఒక్కటే పేలి, ఆ కాస్త ఊపుకు గుండు గొట్టంలోనే ఇరుక్కుపోవచ్చట. తెలియక వెనకాలే ఇంకోటి పేలిస్తే తుపాకి పట్టినవాళ్ల ముఖం ముందే పగులుతుందట.

బాబా తిరిగి వచ్చాక అన్న ఆ ఖాళీ గుల్లను ఆయన చేతిలో పెట్టాడు. బాబా దాన్ని చూశాడు, కూతుర్ని చూశాడు. అన్న తల దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. పెద్దవాళ్లకే అలా పెడతారు ఇక్కడ.

ఆ మాట నేను ఎన్నిసార్లు ఎత్తినా అన్న విసుక్కునేవాడే. "తప్పు నాదే గదనే. దానికి మెచ్చుకునుడేంది?"

ఆయన పని మాని మన దేశం వెళ్లిపోయే రోజు బాబా తనే విమానాశ్రయానికి దింపుతానన్నాడు. ముందు సీట్లో అన్న, వెనక నేను. ఆ బండిలో ఆయన స్టీరింగు వదిలి పక్క సీట్లో కూర్చోవడం అదే మొదలు. పాస్‌పోర్టు ఒళ్లో పెట్టుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు. బాబా వేగంగా నడుపుతాడు. ముందు బండికి ఎర్రదీపం వెలిగినప్పుడల్లా అన్న కుడికాలు తనంతట తానే లేచి, బ్రేకు లేనిచోట గట్టిగా తొక్కేది.