అక్తర్ బీ ఊరికి పోయే బిర్యానీ

మా ఆడబిడ్డ అక్తర్ బీకి ఒకటే జబ్బు. ఊరికి పోతాండా అంటాది, పోదు. దుబాయ్ పక్కన అజ్మాన్‌లో మా ఫ్లాటులోనే చెక్కలు కొట్టి చేసిన చిన్నగదిలో ఉండేది, టైలర్ షాపులో బురఖాలకు పూసలు కుట్టేది. మూడు నెలలకోసారి వంటింట్లోకొచ్చి, "వదినా, ఇంక ఖలాస్. రాయచోటికి పోతాండా" అనేది.

అని ఊరికే ఉండదు. బిర్యానీ వండి అందరికీ పెట్టి ఏడ్చేది. మంచం, ఫ్యాను, పరుపు ఎవరికో ఒకరికి ఇచ్చేసేది. వారం తిరిగేసరికి మళ్ళీ షాపులో పూసలు కుట్టుకుంటా కనపడేది. అడిగితే ఒకసారి టికెట్ దొరకలేదంటాది, ఒకసారి ఊర్లో ఎండలంటాది. మళ్ళీ కొత్త మంచం, కొత్త ఫ్యాను. ఆమె పోయే బిర్యానీ నేను తొమ్మిదిసార్లు తిన్నా. ఒకసారి ఉప్పు తక్కువైతే, "ఈసారి పోయేటప్పుడన్నా సరిగ్గా వెయ్యిమే" అన్నా.

ఎవరున్నారని పోతాది? మొగుడు సచ్చిపోయినాడు, బిడ్డల్లేరు. రాయచోటిలో ఇల్లుంది, దానికి తాళముంది. ఆ తాళం తుప్పు పట్టింటాదని మేం నవ్వితే తనూ నవ్వేది. ఎంతోసేపు కాదు.

రెండువేల మూడులో మా నవ్వులు కూడా పోయినాయి. మనవరాలు ఫైజా ఎనిమిది పాసయింది. ఇంజినీరు కావాలని దాని ఆశ. నా కొడుకు యాసీన్ ఎవరినో అడిగొచ్చి కూలబడినాడు. తొమ్మిది నుంచి ఇంటరు దాకా నాలుగేళ్ళు మన ఆంధ్రాలోనే చదివుండాలంట. అట్లయితేనే లోకల్ అంట, తక్కువ ఫీజు సీటంట. ఈడ చదివితే డాలర్లు కట్టాలంట. పుట్టింది రాయచోటి ఆసుపత్రిలో, అయినా లోకల్ కాదంట.

పిల్లను ఒంటిగా పంపేదెట్లా? కోడలు ఫర్జానా ఉద్యోగం మానితే బాడుగ కట్టలేం. మా ముసలాయన పక్షవాతమొచ్చి మంచంలో ఉన్నాడు, నేను కదల్లేను. "ఈడనే ఏదో ఒకటి చదువుకుంటాలే జేజీ" అని ఫైజా పుస్తకాలు అట్టపెట్టెలో పెట్టేసింది. ఆ నెలంతా మా ఇల్లు పీనుగు లేచిన ఇల్లు మాదిరుండింది.

ఆ నెల అక్తర్ బీ ఊరి మాటే ఎత్తలేదు. నేనే నోరూరుకోక, "ఏంమే, ఈసారి బిర్యానీ లేదా?" అన్నా. మూడోనాడు పాస్‌పోర్టు తెచ్చి నా ముందర పెట్టింది. వీసా కాన్సిల్ కొట్టించుకోనొచ్చింది.

"నా టికెట్ తీసినా వదినా. ఫైజాకు తియ్యమని యాసీన్‌కు చెప్పు."

బిర్యానీ లేదు, ఏడుపు లేదు. ఫైజాను ఎంటబెట్టుకోని పోయింది.

మర్నాడు పక్క గదిలోకి కొత్తగా వచ్చిన కృష్ణవేణి అక్తర్ బీ మంచం మోసుకుపోతాంది. ఏందని అడిగితే, తను నేల మీద పడుకోడం చూసి అక్తరమ్మే తీసుకోమందంట. అప్పుడు వెలిగింది నాకు. ఎవరన్నా కొత్తగా వచ్చి నేల మీద పడుకున్నప్పుడే కదా ఈమెకు ఊరు గుర్తొచ్చేది! ఊరికే ఇస్తే తీసుకోరని, పోతాండా అనేది. తొమ్మిదిసార్లు తిన్నా, నా బుర్రకెక్కలా.

నాలుగేళ్ళకు ఫైజా లోకల్ అయింది, సీటొచ్చింది. ఆ నాలుగేళ్ళూ ఫోన్ చేస్తే దానిది ఒకటే గోల.

"జేజీ, అక్తరవ్వ మళ్ళీ దుబాయ్ పోతాందంట. వీధంతా పిలిచి బిర్యానీ పెట్టింది. ఎదురింటోళ్ళకు ఫ్యానిచ్చేసింది. ఉక్కకు చస్తాండాం."