గురక బందయిన ఆదివారం

మా రంగశాయిపేట చర్చిలో డోలక్ వాయించే దావీదన్న, వాక్యం మొదలవగానే నిద్రపోయేవాడు. పాట ఉన్నంతసేపూ చేతులు ఆగేవి కావు. పాస్టరుగారు బైబిలు తెరిచారో లేదో, గడ్డం వెళ్లి డోలక్ మీద ఆనేది. జనం నవ్వుకునేవారు. నాకు ఒళ్లు మండేది. వారమంతా కుట్టుమిషను తొక్కి, ఆదివారం అందరికంటే ముందొచ్చి చాపలు పరిచే మనిషి బద్ధకస్థుడెలా అవుతాడు?

సంఘపెద్దలు దాన్ని ఆత్మీయ బలహీనత అన్నారు. మందు కూడా వాళ్లే చెప్పారు. శుక్రవారం ఆల్‌నైట్ ప్రార్థనకు రావాలట, ముందు వరుసలో కూర్చోవాలట. నిద్ర చాలని మనిషికి జాగారం మందు! పెద్దల మాటంటే ఆయన భార్య మరియమ్మ వదినకు గురి. ఆమె ఉపవాసం కూడా పట్టింది.

ఆయన గురక గోడ దాటి మా ఇంట్లోకి వినిపించేది. ఉన్నట్టుండి ఆగేది. కాసేపు చప్పుడే ఉండేది కాదు. తర్వాత నీళ్లలో మునిగి తేలిన మనిషిలా ఎగపోస్తూ మళ్లీ మొదలుపెట్టేవాడు. పొద్దున లేస్తే తలనొప్పి, నోరు పిడచగట్టుకుపోవడం. మిషను మీదే కునుకు పట్టి ఒకసారి సూది వేలిలో దిగింది. ఇవన్నీ ఒక్కచోట పెట్టి చూసింది మాత్రం కూతురు షారోన్. హైదరాబాద్‌లో నర్సింగ్ చదువుతున్న ఆ పిల్ల సెలవులకు వచ్చినప్పుడు, నిద్రపోతున్న తండ్రి పక్కన కూర్చుని తల్లిని పిలిచింది.

"అమ్మా, నాయినకు నిద్రల గొంతు మూసుకపోయి ఊపిరి ఆగుతాంది. పగటి కునుకు, తలనొప్పి అన్ని దానితోనే. గిది గురక జబ్బు. ఆల్‌నైట్ ప్రేయర్లు బంద్ పెట్టుండ్రి, దవాఖానల చూపియ్యాలె."

హనుమకొండలో నిద్ర పరీక్షకు తేదీ కూడా తీసుకుంది. దావీదన్నే వాయిదా వేశాడు.

"ఈస్టర్ అయినంక పోదాం తియ్, ఫికర్ చెయ్యకు బిడ్డా. పండుగకు డోలక్ ఎవలు వాయిస్తరు?"

షారోన్ పోట్లాడింది, ఏడ్చింది, చివరికి కాలేజీకి వెళ్లిపోయింది. వదిన మనసులో మాత్రం కూతురు చెప్పిన ఒక్క మాటే నిలిచింది. గురక జబ్బు. ఆ గురక పోవాలని ఉపవాసం పొడిగించింది.

ఈస్టర్‌కు వారం ముందు, మట్టల ఆదివారం నాడు చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, దావీదన్న పడుకున్నాడు. నేను వాళ్ల వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్నాను. వదిన లోపలి నుంచి మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుంది. ముఖం కళకళలాడుతోంది.

"ప్రేమలతా, గురక బందయింది. ఎన్నేండ్లకు గింత మంచిగ నిద్రపోతాండో. దేవుడు విన్నడు."

లేచి తలుపు దగ్గరికి వేసింది. కూరగాయల బండి వస్తే మైకు బంద్ చెయ్యమని చేత్తో సైగ చేసింది. ఆ సంబరం పట్టలేక కూతురికి ఫోన్ చేసి, గురక పోయిందని చెప్పింది. షారోన్ గొంతు నాకూ వినిపించింది.

"అమ్మా, లోపలికి ఉరుకు. నాయినను లేపు. లేపమ్మా."

దావీదన్న లేవలేదు. వదిన ఆయన భుజాలు పట్టుకుని ఊపింది. "ఒక్కపారి గురక పెట్టయ్యా" అని బతిమాలింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఏడుపు ఆగదు. ఆ ఈస్టర్‌కు డోలక్ లేకుండానే పాడాం. పాటలన్నీ తాళం తప్పాయి.

ఇప్పటికీ వాక్యం మధ్యలో ఎవరైనా కునికితే పెద్దలు మోచేత్తో పొడుస్తారు. వాళ్లు మారరు. వదిన మాత్రం ప్రార్థన ముగిసేదాకా ఆగి, ఆ మనిషి భార్యను గుమ్మం దగ్గర పట్టుకుంటుంది. గురక మధ్యలో ఆగుతుందా అని అడుగుతుంది. అవునంటే ఇక చెయ్యి వదలదు.

"చప్పుడు లేదని సంబురపడకు చెల్లె. తలుపు పెట్టకు. లేపు."