పోయినవాళ్ళకు బదులు కూర్చున్న మనిషి

తవిటమ్మను తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమే వస్తుంది. ఆవిడ మీద కాదు, ఆవిడ పనిని పనే కాదన్నవాళ్ళ మీద. "ఏముందయ్యా, కదలకుండా కూర్చోవడమేగా!" అనే పెద్దమనుషుల్ని నా కెమెరా ముందు కూర్చోబెట్టి చూడాలి. కర్ర మింగినట్టు బిగుసుకుపోతారు.

నరసన్నపేటలో నాకు ఫోటో స్టూడియో ఉండేది. ఆ రోజుల్లో చాలామంది ఒక్క ఫోటో అయినా లేకుండానే పోయేవారు. పెద్దకర్మ దగ్గరపడ్డాక, దండ వేయడానికి బొమ్మ కావాలంటూ ఇంటివాళ్ళు పరిగెత్తుకొచ్చేవారు. పోలికలున్న మనిషికి పోయినవాళ్ళ బట్టలు కట్టి ఫోటో తీస్తే, ఇంటివాళ్ళు చెప్పిన పోలికల్ని బట్టి ముఖం నేను పెన్సిలుతో దిద్దేవాణ్ణి. తవిటమ్మ సంతలో వంకాయలు అమ్మేది. పంతొమ్మిదివందల అరవై ఆరులో చెల్లెలు పోతే, మరిది బతిమాలాడని ఆ పిల్ల చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. ఆ ఫోటో చూసి వాళ్ళమ్మ గొల్లుమంది. నాకు దిద్దే పనే లేకపోయింది. అప్పటినుంచి ఎవరింట్లో ఆడమనిషి పోయినా ఆవిడకే కబురు.

ఊరికే కూర్చునేది కాదు. ముందు అడిగేది. "నవ్వితే నోటికి సెయ్యడ్డం ఎట్టుకునీదా? కోపమొస్తే ఏటి సేసీది?" అన్నీ విని, ఓ మూల కాసేపు నిలబడి, ఇంకో మనిషై వచ్చేది. నాటకంలో వేషం కట్టినవాళ్ళకు చప్పట్లు కొడతారు. ఈవిడకు ఎవరూ కొట్టలేదు. నేనూ కొట్టలేదు, నా బుద్ధి గడ్డి తింది.

అరవై ఎనిమిదిలో ధాన్యం వ్యాపారి గణపతిరావు, తల్లి జగ్గమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. అతని భార్య పద్మకుమారి జ్వరంతో పోయింది. మూట విప్పి పట్టుచీర, కాసులపేరు బల్ల మీద పెట్టారు.

"నవ్వుతా ఉండాల. మా ఇంట సుకపడినట్టు కనిపించాల," అంది జగ్గమ్మ.

"ఎలా నవ్వీదమ్మా?" అని అడిగింది తవిటమ్మ.

జగ్గమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు నేల చూపులు చూశాడు. ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి! "పోనీ, మిమ్మల్నేటని పిలిసీది బావూ?" అంటే, బల్ల మీది కాసులపేరు అటూ ఇటూ జరిపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పిలుపులేటి! ఎప్పుడు సూసినా పొయ్యికాడే," అని జగ్గమ్మ విసుక్కుంది. "అదీ సక్కగా నిలబడితేనా? కొంగలాగ ఒంటికాలి మీద నిలబడి, రెండోకాల్తో పిక్క గోక్కునీది. ఓ సెయ్యి నడుం మీద. ఎన్నిపాల్లు తిట్టినా మానీది కాదు."

తవిటమ్మ పట్టుచీరను విసురుగా పక్కకు నెట్టింది. "ఆ పిల్ల ముకం సూసినోల్లు మీలో ఒక్కలు నేరు. లేని నవ్వు నానెక్కడ తెత్తాను?"

కట్టుకున్న నేతచీరతోనే లేచి, కెమెరాకు వీపు పెట్టి నిలబడింది. బరువంతా ఒక కాలి మీద వేసింది. నొప్పి పుట్టినట్టు నడుం మీద చెయ్యి ఆనించింది. రెండో పాదం మెల్లగా పిక్క మీదికి పోయింది. పొగకు తప్పుకున్నట్టు మెడ కాస్త వంగింది. ఆ మెడ సంగతి ఎవరూ చెప్పలేదు.

"ఇదేటి ఎకసెక్కం! ముకం నేకుండా పొటోవేటి?" అని జగ్గమ్మ అరుస్తూనే ఉంది. నేను ఫోటో తీసేశాను.

గణపతిరావు కూర్చున్నవాడల్లా లేచాడు. "పద్మా," అన్నాడు. రెండడుగులు ముందుకు వేసి, "పద్మా, ఓపాలి ఇలా తిరుగే," అని ఏడ్చాడు.

"ఆ పిలుపేదో పొయ్యికాడ పిలవాల్సింది బావూ," అంది తవిటమ్మ, గోడకేసే చూస్తూ. తిరగలేదు.